పందికూరలో నారింజ పులుపు



మన భాషలో కొన్ని ప్రాణులకు రెండు పేర్లుంటాయి, రెండు బ్రతుకులూ ఉంటాయి. వరాహం అంటే చేతులు జోడిస్తాం, పంది అంటే ముక్కు మూసుకుంటాం. వరాహం విష్ణుమూర్తి మూడవ అవతారం. బాదామి చాళుక్యులకు, వేంగి చాళుక్యులకు, ఆ తరువాత విజయనగర రాజులకు అది రాజలాంఛనం. బంగారు నాణేనికి వరహా అన్న పేరు వచ్చింది కూడా ఆ బొమ్మ వల్లనే. అదే జంతువును అచ్చతెలుగులో పిలిస్తే మాత్రం తిట్టయి కూర్చుంది.

ఈనాటి ప్రసంగం ఆ రెండో పేరు గురించి, దానితోపాటు కుండలో పడే ఒక పుల్లని పండు గురించి. పంది మాంసాన్ని నారింజ, నిమ్మ వంటి పండ్ల రసంలో నానబెట్టి, సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గబెట్టే వంట ఒకటుంది. అది ఎక్కడ కుదిరింది, అందులో మన వాటా ఎంత అన్నది చెప్పుకుందాం. శాకాహారులైన శ్రోతలు రేడియో కట్టేయనక్కరలేదు. ఈ కథలో సగం పండుదే.

నేను ఉండేదీ, పాఠాలు చెప్పేదీ బెంగళూరుకు తూర్పు అంచున ఉన్న కాడుగోడిలో. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ పేరుకే వైట్‌ఫీల్డ్, ఉన్నది కాడుగోడిలోనే. 2023 మార్చిలో తెరిచిన మెట్రో స్టేషన్‌కు మాత్రం న్యాయంగా రెండు పేర్లూ కలిపి పెట్టారు. ఇక్కడి నుంచి హొసకోట, కోలారు దాటితే చిత్తూరు జిల్లా, దక్షిణాన హొసూరు దాటితే కృష్ణగిరి. తరగతి గదిలో ఒక వాక్యం కన్నడంలో మొదలై తెలుగులో ముగియడం మాకు వింత కాదు. నారింజ, నిమ్మ, దబ్బ అని నేను బల్ల మీద రాస్తే, దబ్బను హెరళెకాయి అని ఒకరు, నార్తంగాయ కూడా రాయమని మరొకరు అడుగుతారు. పండ్ల పేర్లు చెప్పడంలో పిల్లలకు ఎంతో ఉత్సాహం.

ఉత్సాహం లేనిది ఇంకొకచోట. సాంఘిక శాస్త్రంలో ఆహారపు అలవాట్ల పాఠం చెబుతూ, మీ ఇళ్లలో పండగనాడు ఏం వండుతారని అడిగాను. ఓళిగలు, పులిహోర, కోడికూర అని జవాబులు వచ్చాయి. ఒక అబ్బాయి మాత్రం పెదవి విప్పలేదు. వాళ్లింట్లో ఏం వండుతారో పక్కవాడు చెప్పాడు, తరగతి అంతా నవ్వింది. ఆ అబ్బాయి మిగతా గంటంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి తన తల్లి వండిన కూర పేరు చెప్పడానికి సిగ్గు ఎలా వచ్చింది? దాన్ని అతడు పుట్టుకతో తెచ్చుకోలేదు. ఆ సిగ్గుకు చరిత్ర ఉంది, అది మనం అనుకున్నంత పాతదీ కాదు.

మొదట కల్యాణికి వెళదాం. నేటి బీదరు జిల్లా బసవకల్యాణమే ఆనాటి కల్యాణి. పన్నెండవ శతాబ్దంలో అక్కడ ఏలిన చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం అనే పెద్ద గ్రంథం రచించాడు. రాజు అనుభవించదగిన భోగాలలో అన్నభోగం ఒకటని లెక్కగట్టి, వంటలను ఓపికగా వివరించాడు. అందులో పంది మాంసం వంట ఉంది. పంది మీద గుడ్డ కప్పి మరిగే నీళ్లు పోసి వెంట్రుకలు తీయడం ఒక పద్ధతి, ఒళ్లంతా మన్ను పూసి గడ్డిమంటలో కాల్చి తీయడం మరొక పద్ధతి. ఆ తరువాత నిప్పుల మీద కాల్చడం. ఇది రాజుగారి వంటశాల సంగతి, ఊరి వెనుక వీధి సంగతి కాదు. ఆ వంటలో మిరపకాయ ఉండదు. అది మన దేశానికి రావడానికి ఇంకా నాలుగు వందల ఏళ్లు ఉంది.

ఇక విజయనగరం. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, దొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆ నగరాన్ని కళ్లారా చూసి రాసిపెట్టాడు. కసాయి వీధులలో తెల్లగా, శుభ్రంగా ఉన్న పందులను చూసి, ఇంత చక్కనివి ఏ దేశంలోనూ కనబడవని మెచ్చుకున్నాడు. ఒక పంది వెల నాలుగైదు పణాలట. అదే పేస్ అంగళ్లకు రోజూ బండ్లకొద్దీ వచ్చే నిమ్మకాయలను, తీపి నారింజలను, పుల్ల నారింజలను చూసి ఆశ్చర్యపోయాడు. తన దేశంలో నిమ్మకు పేరుపడిన ఊరు కూడా దీని ముందు ఎందుకూ కొరగాదన్నాడు. మరో పదిహేనేళ్లకు వచ్చిన నూనిజ్, ఈ రాజులు ఆవు, ఎద్దు మాంసం ముట్టరని, మేక, పంది, జింక మాంసాలు తింటారని రాశాడు. మాంసమూ, పులుపు పండ్లూ ఒకే నగరపు అంగళ్లలో రాశులు పోసి ఉన్నాయి. వాటిని ఒకే కుండలో వేశారని పేస్ అనలేదు, నేనూ అనను. అమ్మేవాడూ కొనేవాడూ తల దించుకున్నట్టు మాత్రం ఆయన రాతలో ఎక్కడా లేదు.

మన శ్రీకాళహస్తి కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తిన్నడు వేటాడి తెచ్చిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, బాగున్న ముక్కలనే శివుడికి పెట్టాడు. తమిళంలో పన్నెండవ శతాబ్దపు పెరియపురాణంలో అది అడవిపంది మాంసమే. పదహారవ శతాబ్దంలో ధూర్జటి ఆ భక్తుడి కథను తెలుగు ప్రబంధంలో చెప్పాడు. ఆ కథ విని కన్నీళ్లు పెట్టుకునే మనమే, అదే వంట ఉన్న పొరుగింటి ముందు చీర కొంగు అడ్డం పెట్టుకుంటాం.

మరి ఈ మాంసానికి చిన్నతనం ఎప్పుడు పట్టుకుంది? కులం చాలా పాతదే, కాదనను. కానీ పందిని పెంచేవాడి మీద అనుమానపు ముద్ర వేసింది మాత్రం బ్రిటిషు కాలపు చట్టం. ఆంధ్రలో ఎరుకలవారు, కన్నడదేశంలో కొరచ, కొరమ అనే పేర్లతో ఉన్నవారు మూలంలో ఒకే జనం. ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి మెట్టసీమకు తిరిగి అమ్ముకునేవారు. బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు, పందులు పెంచేవారు. ఉప్పు మీద సర్కారు అదుపు బిగిసింది. రైలు దారులు వచ్చాయి. ఈ కాడుగోడి మీదుగా పోయే జోలార్‌పేట మార్గం 1864లో వేసినదే. బండి మోసే సరుకు ముందు గాడిద మోసే సరుకు నిలవలేకపోయింది. వ్యాపారం పోయినా తిరిగే అలవాటు మిగిలింది. తిరిగేవాడంటే పోలీసుకు అనుమానం.

1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. పుట్టిన బిడ్డ కూడా నేరస్థుల జాబితాలోకే వెళ్లేది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. నేడు వారిని ఆంధ్రలో షెడ్యూల్డు తెగ అంటారు, సరిహద్దు ఇటువైపు అదే బంధువులను షెడ్యూల్డు కులం అంటారు. ఒకే ఇంటి అన్నదమ్ములకు రెండు రాష్ట్రాలలో రెండు రకాల ధ్రువపత్రాలు. సరిహద్దు జిల్లాలవారికి ఈ చిక్కు నేను వివరించనక్కరలేదు. చట్టం పోయింది గాని, పందిగుడిసె వైపు చూసే చూపు పోలేదు.

ఇప్పుడు పండు వెంట నడుద్దాం, ఇది దూరప్రయాణం.

నిమ్మజాతి చెట్ల పుట్టినిల్లు తూర్పు హిమాలయాల పాదాలు, అంటే అస్సాం, ఉత్తర మయన్మారు, యున్నాన్ ప్రాంతమని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. పుల్ల నారింజ స్వతంత్రమైన జాతి కూడా కాదు, పంపరపనసకూ కమలాకూ పుట్టిన సంకరం. మేఘాలయలోని గారో కొండలలో నోక్రెక్ అనే అడవిలో అడవి నారింజ ఇప్పటికీ ఉంది. దానిని గారోలు మేమాంగ్ నారంగ్ అంటారు, దయ్యాల పండు అని అర్థం. ఆ నారంగ్ అన్న మాట వింటే మీకేమనిపిస్తున్నది? సంస్కృతంలోని నారంగ శబ్దానికి మూలం ద్రావిడ భాషల్లో ఉందని, సువాసన అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మన నారింజ, నారదబ్బ, తమిళుల నార్తంగాయ ఆ కుటుంబం మాటలే. అది పారసీకంలో నారంగ్ అయింది, అరబ్బీలో నారంజ్ అయింది, స్పానిషులో నరంహ అయింది. ఆంగ్లేయుల దగ్గరకు వచ్చేసరికి మొదటి అక్షరం రాలిపోయి ఆరెంజ్ మిగిలింది.

పండు ఎప్పుడు వెళ్లిందో పదవ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ చెప్పాడు. హిజరీ 300 తరువాత, అంటే మన లెక్కలో 912 తరువాత, నారింజను హిందూ దేశం నుంచి తెచ్చి మొదట ఒమానులో నాటారట, అక్కడి నుంచి బస్రా, ఇరాక్, సిరియా చేరిందట. కానీ పుట్టినచోట ఉన్న పరిమళం, రంగు అక్కడ రాలేదని కూడా రాశాడు. ఆ ఒక్క మాట చదివినప్పుడు నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. అరబ్బులు దానిని స్పెయిన్‌కు చేర్చారు. సెవిల్ నగరంలో మసీదు ప్రాంగణపు నారింజ తోట, మసీదు పోయి చర్చి వచ్చినా, ఆ పేరుతోనే నేటికీ ఉంది.

అదే స్పెయిన్‌లో పందికి మరొక పాత్ర దొరికింది. 1492లో గ్రనడా పడిపోయాక, మతం మారిన యూదులు, ముస్లిములు నిజంగా మారారా లేదా అని చూడటానికి పంది మాంసం ఒక పరీక్ష అయింది. తినకపోతే మతవిచారణ అధికారులకు అనుమానం. ఇక్కడ తింటే అనుమానం, అక్కడ తినకపోతే అనుమానం. పాపం, మధ్యలో పందికి ఏమీ తెలియదు.

ఆ మరుసటి సంవత్సరం, 1493లో, కొలంబస్ రెండవ యాత్రకు బయలుదేరి కెనరీ దీవుల్లోని గొమేరాలో ఆగాడు. అక్కడ 8 పందులను, నారింజ, నిమ్మ, మాదీఫలం గింజలను ఓడలకు ఎక్కించుకున్నాడని లాస్ కాసాస్ రాశాడు. మాంసమూ పులుపూ ఒకే ప్రయాణంలో కొత్త ఖండానికి చేరాయన్నమాట. పందులు ఆ దీవుల్లో అంతులేకుండా పెరిగాయి, నారింజ చెట్లు అడవుల్లో కలిసిపోయాయి. 1542లో స్పెయిన్ వారు యుకతాన్‌లో మెరిదా నగరం స్థాపించేనాటికి మాయా జనం నేలలో గొయ్యి తవ్వి వంట చేసుకునేవారు. దానిని పిబ్ అంటారు. గోతిలో కట్టెలు మండించి రాళ్లు ఎర్రగా కాల్చి, మాంసం పెట్టి, పైన మట్టి కప్పి, రాత్రంతా వదిలేయడం. అంతవరకు అందులో టర్కీ కోడి, జింక ఉడికేవి. ఆ తరువాత పంది వచ్చింది. పిల్లపందిని గోతిలో మగ్గించే ఆ వంటే కొచినీత పిబిల్.

ఆ వంటలో ఏమేమి పడతాయో చూడండి. పుల్ల నారింజ రసం. చుట్టడానికి అరటి ఆకు, అదీ ఆసియా నుంచి వెళ్లినదే. మిరియం, లవంగం, అవీ మన దిక్కువే. ఎర్రరంగుకు అచియోతే గింజలు, అవి మాత్రం వారి సొంతం. వాటినే మన ఉత్తరాంధ్ర మన్యంలో జాఫ్రా అంటారు, పండిస్తున్నారు కూడా. మనం ఇచ్చినవి ఇచ్చాం, తెచ్చుకున్నవి తెచ్చుకున్నాం. మెక్సికోలో ఇది పెళ్లిళ్లకు, పండుగలకు, ఆదివారపు ఫలహారానికి గర్వంగా చెప్పుకునే వంట. ఆ దేశపు పేరు చెబితే వినబడే వంటల్లో ఒకటి.

ఇంతసేపు సన్నని సెగ ఎందుకు, పులుపు ఎందుకు అని విజ్ఞాన శాస్త్రం చెప్పే విద్యార్థి అడుగుతాడు. పంది జబ్బ, తొడ ఎప్పుడూ కదిలే భాగాలు. ఆ కండల మధ్య తెల్లని పొరలు ఉంటాయి. వాటిలోని కొలాజెన్ అనే పదార్థం దాదాపు 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక, గంటల తరబడి వేడిలో ఉంటేనే కరిగి జిగురుగా మారుతుంది. పెద్ద మంట పెడితే నీరు పోయి మాంసం బిరుసెక్కుతుంది గాని, పొర కరగదు. పులుపు ఆ పొరను మెత్తబరచడానికి తోడ్పడుతుంది, కొవ్వు నాలుకకు అంటుకుని వెగటు పుట్టకుండా తెగ్గొడుతుంది. అయితే నిమ్మరసంలో రోజంతా నానబెడితే పైపొర పిండిపిండిగా అయిపోతుంది. నాలుగైదు గంటలు చాలు.

పంది కుండలో పులుపు వేసే తెలివి మన చుట్టూ ఉన్నవారందరికీ ఉంది. కొడగువారు తమ పందికూరకు కాచంపుళి వాడతారు, అది నిమ్మజాతి కాదు, ఒకరకం చింత వంటి కాయ నుంచి కాచిన నల్లని రసం. మా పక్కనే ఉన్న వైట్‌ఫీల్డ్ 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు ఇచ్చిన భూమిలో ఏర్పడిన ఆంగ్లో ఇండియన్ల ఊరు. వారి విందాలూ పోర్చుగీసువారి నుంచి గోవా మీదుగా వచ్చినది, దాని పులుపు వెనిగరు. కోలారు గనుల కాలనీలలోనూ క్రిస్మసు నాడు ఆ వాసన వచ్చేది. ఇక ఈనాడు కాడుగోడి మెట్రోలో దిగే యువతీయువకులలో అస్సాం, మేఘాలయ, మణిపురం నుంచి వచ్చి ఇక్కడి హోటళ్లలో, కార్యాలయాలలో పనిచేసేవారు ఉన్నారు. అస్సాంవారు పంది మాంసంలో తమ కాజీ నేము అనే పొడుగాటి నిమ్మను పిండుకుంటారు. నారింజ పుట్టినింటి పిల్లలు అద్దెగదిలో చిన్న కుక్కరు మీద అది వండుకుంటూ, వాసన వస్తుందేమోనని కిటికీలు మూసుకుంటారు. కొందరు ఇంటి యజమానులు ముందే షరతు పెడతారు, అది నేను విన్నదే.

శుభ్రత మాట అడిగేవారున్నారు, అడగవలసినదే. పంది మాంసం సగం ఉడికితే బద్దెపురుగు కడుపులో చేరుతుంది. నిమ్మరసం దానిని చంపదు, లోపలి దాకా తగిలిన వేడి చంపుతుంది. మూడు గంటలు మగ్గిన కూరలో ఆ భయం లేదు. మెదడులో తిత్తులు చేరి మూర్ఛలు తెచ్చే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోవడం వల్ల వస్తుంది. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి. కడగని కొత్తిమీర తిన్న శాకాహారికి కూడా అది రావచ్చు. మరుగుదొడ్డి ఉన్న ఊళ్లో, కొట్టంలో తవుడు మేసి పెరిగిన పందిలో దోషం తక్కువ. తిరుపతి పశువైద్య పరిశోధకులు పందుల పెంపకం మీద పనిచేశారు.

వండదలచినవారికి పద్ధతి చెబుతాను, రాసుకోండి. కొంచెం కొవ్వుతో ఉన్న జబ్బ మాంసం కిలో, పెద్ద ముక్కలుగా. రెండు పుల్ల నారింజల రసం. అవి దొరకకపోతే రెండు నిమ్మకాయలు, ఒక చీనీకాయ కలిపి పిండండి, రుచి దగ్గరగా వస్తుంది. వెల్లుల్లి ఒక గడ్డ, మిరియాలు, జీలకర్ర, నాలుగు లవంగాలు, ఉప్పు నూరి, జాఫ్రా పొడి ఉంటే ఒక చెంచా, లేకపోతే కాస్త పసుపు, కారం కలిపి పట్టించండి. నాలుగు గంటల తరువాత, మందపాటి మట్టికుండలో నిప్పు మీద వాడ్చిన అరటి ఆకు పరిచి, ముక్కలు పేర్చి, పైన మరో ఆకు కప్పండి. అరగ్లాసు నీళ్లు చాలు. మూత చుట్టూ పిండిముద్ద అంటించి, సన్నని సెగ మీద మూడు గంటలు, మధ్యలో తెరవకుండా ఉంచండి. దించాక వేలితో నొక్కితే ముక్క విడిపోవాలి. అప్పుడు మరో అరచెక్క నారింజ పిండండి. ముందు వేసిన రసంలో పులుపు నిలుస్తుంది గాని, వాసన ఆవిరితో పోతుంది. ఉల్లిపాయ ముక్కలు అదే రసంలో నానబెట్టి పక్కన పెట్టుకుంటే రాగి సంగటిలోకి బాగుంటుంది. ఒక్క జాగ్రత్త, సత్తు గిన్నెలో మాత్రం వండకండి. పులుపు తగిలితే లోహం కూరలోకి దిగుతుంది, రంగు నల్లబడుతుంది.